వైజాగ్‌లో సోషల్ చదవాలంటే ఒక్క ప్రశ్న చాలు

మన ఇళ్ళలో సోషల్‌కి ఉన్న మర్యాద ఏపాటిదో అందరికీ తెలిసిందే. ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే కళ్ళు ముందు మాథ్స్ మీదికి పోతాయి, ఆ తర్వాత సైన్స్ మీదికి, సోషల్‌లో తొంభై వచ్చినా "ఆ, అది బట్టీయే కదా" అని సంతకం పెట్టి ఇచ్చేస్తాం. పిల్లలు అమాయకులేం కాదు, మనం దేనికి విలువ ఇస్తామో దాన్నే చదువుతారు. మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. ప్రాథమిక హక్కులు ఎన్నో చెప్పమంటే గడగడా చెప్పేస్తుంది, వాళ్ళ వీధిలో లైటు వెలగకపోతే ఎవరికి చెప్పాలమ్మా అంటే మాత్రం నా మొహం చూస్తుంది.

ఈ ఎండాకాలం సెలవుల్లో దాని సోషల్ బాధ్యత నా నెత్తిన పడింది. పుస్తకంలో చరిత్ర ఒక చోట, పౌరశాస్త్రం ఒక చోట, అర్థశాస్త్రం ఇంకో చోట ఉంటాయి, ఒకదానికొకటి చుట్టరికం లేనట్టు. నాకు ఆ పద్ధతి నచ్చదు. అందుకని పుస్తకం పక్కన పెట్టి ఊరు తిప్పాను. కనపడిన ప్రతిదాని గురించీ ఒకటే ప్రశ్న అడగమన్నాను: ఇది ఎవరిది?

జగదాంబ జంక్షన్‌లో నిలబడి అడిగితే సగం సివిక్స్ అక్కడే అయిపోతుంది. వీధిలైటు, కాలవ, చెత్త బండి జీవీఎంసీవి, అంటే మన నగరపాలక సంస్థవి. ఈల వేస్తున్న ట్రాఫిక్ కానిస్టేబుల్ రాష్ట్ర ప్రభుత్వం మనిషి, ఎందుకంటే రాజ్యాంగం పనులు పంచినప్పుడు పోలీసు శాఖని రాష్ట్ర జాబితాలో పెట్టింది. ఎర్ర పోస్టు డబ్బా కేంద్రానిది. పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాక బిల్లు తెచ్చి పిల్ల ముందు పెట్టాను, కింద సీజీఎస్టీ 2.5 శాతం, ఎస్‌జీఎస్టీ 2.5 శాతం అని ఉంటుంది చూడండి, మొదటిది కేంద్రానికి, రెండోది రాష్ట్రానికి, అదే ఫెడరల్ వ్యవస్థ అంటే, ఇడ్లీ ఒకటే, వాటాదారులు ఇద్దరు. మరి కాలవ తీసే జీవీఎంసీకి ఇందులో ఎంత? నేరుగా ఏమీ రాదు. దాని సొంత రాబడి మనం కట్టే ఇంటి పన్ను, నీటి చార్జీ, ప్లాన్ అప్రూవల్ ఫీజుల్లాంటివి. ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కూడా కలిసి ఉంటుందని చాలామంది గమనించరు. లైబ్రరీ గడప తొక్కని వాళ్ళం కూడా ఏటా దానికి డబ్బు కడుతూనే ఉన్నాం.

పనిలో పనిగా ఇది కూడా చెప్పాను. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, పట్టణాల్లో ఐదేళ్ళకోసారి తప్పనిసరిగా ఎన్నికలు జరపాలంది. మన వైజాగ్‌లో 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో తీరిపోతే, మళ్ళీ కార్పొరేటర్లు వచ్చింది 2021లో, 98 వార్డులకి. మధ్యలో తొమ్మిదేళ్ళు అధికారులే ఊరిని నడిపారు. "మరి రాజ్యాంగంలో ఉంది కదా మావయ్యా?" అంది. ఉంది. పుస్తకంలో సవరణ గురించి ఉంటుంది గానీ ఈ తొమ్మిదేళ్ళ గురించి ఉండదు.

పెట్రోలు బంకు దగ్గర ఇంకో ప్రశ్న. రిఫైనరీ మన ఊళ్ళోనే, మల్కాపురం వైపు వెళ్తే గొట్టాలు, చిమ్నీలు కనిపిస్తూనే ఉంటాయి. 1957లో కాల్టెక్స్ కంపెనీ పెట్టింది, తర్వాత ప్రభుత్వం తీసుకుంది, ఇప్పుడది హెచ్‌పీసీఎల్. అయినా మన దగ్గర కొనే పెట్రోలు కంటే ఎక్కడో దూరంగా ఉన్న యానాంలో పెట్రోలు చవక. కారణం దూరం కాదు, పన్ను. పెట్రోలు జీఎస్టీలో లేదు, దాని మీద కేంద్రం ఎక్సైజు వేస్తుంది, రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. యానాం చుట్టూ ఆంధ్రా ఉన్నా అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడి వ్యాట్ తక్కువ. మరి యానాం పుదుచ్చేరి కిందికి ఎందుకొచ్చిందంటే అక్కడ ఫ్రెంచివాళ్ళు ఉండేవాళ్ళు కాబట్టి. చూశారా, బంకులో మొదలుపెట్టి పద్దెనిమిదో శతాబ్దంలో తేలాం.

అసలు మన ఊరి గొప్ప పాఠం పోర్టుల దగ్గరుంది. డాల్ఫిన్స్ నోస్ కొండకి ఈ పక్క విశాఖ పోర్టు, కాస్త దక్షిణంగా పోతే గంగవరం పోర్టు. సముద్రం ఒకటే, ఓడలూ ఒకే రకం, కానీ విశాఖ పోర్టు కేంద్రం కింద ఉంటుంది, గంగవరం ప్రైవేటు కంపెనీది, దాని మీద పెత్తనం రాష్ట్రానిది. విశాఖ 'మేజర్ పోర్టు', గంగవరం 'నాన్ మేజర్'. సైజుని బట్టి అనుకుంటారు అందరూ. కాదు. లోతు చూస్తే గంగవరమే ఎక్కువ. మేజర్ అని పార్లమెంటు చట్టం గుర్తించినవి కేంద్ర జాబితాలోకి వెళ్తాయి, మిగిలినవన్నీ ఉమ్మడి జాబితాలో ఉంటాయి, వాటి వ్యవహారం రాష్ట్రాలు చూసుకుంటాయి. ఏ విషయం కేంద్రానిది, ఏది రాష్ట్రానిది అని రాజ్యాంగంలో పంచిపెట్టే ఈ జాబితాలే ఏడో షెడ్యూలు, అదేమిటో అర్థం కావడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

విశాఖ పోర్టు ఎందుకు కట్టారో కూడా చెప్పుకోవాలి. కలకత్తాకీ మద్రాసుకీ మధ్య ఇంత పొడవు తీరంలో పెద్ద ఓడలు గాలివానకి తలదాచుకునే చోటు లేదు. మరోపక్క సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వైపు, మాంగనీసు ఖనిజం ఉంది, దాన్ని దగ్గరి దారిలో సముద్రానికి చేర్చాలి. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు మార్గం వేసి, ఇక్కడ బురద కయ్యని తవ్వి హార్బరు చేశారు. కొండ కింద అలల్ని ఆపడానికి జేనస్, వెల్లెడ్సెన్ అనే రెండు పాత ఓడల్ని కావాలని ముంచేశారు. 1933 అక్టోబరు 7న మొదటి ఓడ 'జలదుర్గ' లోపలికి వచ్చింది, డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి అట్టహాసంగా ప్రారంభించాడు. బ్రిటిష్‌వాళ్ళు మనకి రైళ్ళు, రేవులు ఇచ్చారని వాదించేవాళ్ళు ఆ పట్టాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో ఒకసారి చూస్తే బాగుంటుంది. గనుల దగ్గర మొదలై ఓడ దగ్గర ఆగాయి. స్వతంత్రం వచ్చాక కూడా ఇదే లెక్క కొంతకాలం నడిచింది లెండి, మనం అరకు వెళ్తూ సొరంగాలు లెక్కపెట్టే కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైను అరవైల్లో వేసింది ఛత్తీస్‌గఢ్ వైపు ఉన్న బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి ఎగుమతి చేయడానికే.

ఇక సింధియా నుంచి గాజువాక మీదుగా కూర్మన్నపాలెం దాకా బస్సెక్కండి. దేశ ఆర్థిక విధానం ఎన్ని మలుపులు తిరిగిందో ఆ ఒక్క రోడ్డు మీద కనిపిస్తుంది. షిప్‌యార్డు మొదట ప్రైవేటుది. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టింది, 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు, మరుసటేడు ఏప్రిల్ 6న జపాను విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి, అయినా యార్డు నిలదొక్కుకుంది. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి 'జల ఉష'ని నీళ్ళలోకి దింపారు. కానీ ఓడలు కట్టడం అంటే కోట్లు ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయే వ్యాపారం, ప్రైవేటు చేతుల వల్ల కాలేదు, 1952లో ప్రభుత్వం పెద్ద వాటా తీసుకుంది, 1961కి మొత్తం తీసేసుకుంది. అప్పట్లో గాలి అటు వీచేది.

అదే రోడ్డు మీద స్టీల్ ప్లాంటు కథ తిరగబడింది. ఇది పుట్టడమే ఉద్యమంలో పుట్టింది. 1966లో అమృతరావు నిరాహార దీక్షకి కూర్చున్నారు, తెన్నేటి విశ్వనాథం లాంటివాళ్ళు ముందు నిలిచారు, నవంబరు 1న, అంటే సరిగ్గా రాష్ట్రం పుట్టిన పదేళ్ళకి, వైజాగ్‌లో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతా కలిపి 32 మంది చనిపోయారు. 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971లో శంకుస్థాపన, ప్లాంటుని పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసేసరికి 1992. ఇరవై ఏళ్ళు పైన పట్టింది. విచిత్రం ఏమిటంటే ప్రైవేటుకి తలుపులు తెరిచిన ప్రధాని చేతుల మీదుగానే ఆ ప్రభుత్వ ఫ్యాక్టరీ జాతికి దక్కింది. 2021 జనవరిలో కేంద్రం నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామంది, ఊరు మళ్ళీ రోడ్డెక్కింది, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు.

ఇక్కడ "ఇది ఎవరిది?" అంటే జవాబు అంత తేలిక కాదు. కాగితం మీద భారత ప్రభుత్వానిది. భూమి మాత్రం అరవైకి పైగా గ్రామాల రైతులది. ఆ నిర్వాసితులకి 'ఆర్ కార్డు' ఇచ్చారు, ఇంటికో ఉద్యోగం వస్తుందని. ఆ కార్డు పట్టుకుని ఎదురుచూస్తూ ముసలివాళ్ళైపోయిన వాళ్ళు గాజువాక వైపు ప్రతి వీధిలో ఉంటారు. ప్లాంటు నష్టాల గురించి టీవీలో వాదించుకునేవాళ్ళు గనుల సంగతి ఎత్తరు. మన ప్లాంటుకి సొంత ఇనుప ఖనిజం గనులు లేవు. సొంత గని ఉన్న కంపెనీకి ఖనిజం తవ్వుకునే ఖర్చుకే వస్తుంది, మనది మార్కెట్ రేటుకి కొనుక్కోవాలి. ధర పెరిగినప్పుడల్లా దెబ్బ మనకే ఎక్కువ తగులుతుంది. అంతా గనుల వల్లే అని నేను అనను, అప్పులు, వడ్డీలు, నిర్ణయాల్లో ఆలస్యాలు కూడా ఉన్నాయి. కానీ ముడి సరుకు, ఉత్పత్తి ఖర్చు, లాభం అనే మూడు మాటలు పిల్లకి నేర్పాలంటే ఇంతకన్నా దగ్గరి లెక్క లేదు.

మా పిల్లకి అన్నిటికంటే నచ్చింది ఫిషింగ్ హార్బరు. తెల్లారకుండానే వెళ్ళాలి. బోటులోంచి సరుకు దింపి సిమెంటు గచ్చు మీద కుప్పలు పోస్తారు, వంజరం ఒక చోట, చందువ ఒక చోట, కానాగంతలు ఇంకో చోట. వేలం పాట పాడే మనిషి కుప్ప పక్కన నిలబడి రేటు అందుకుంటాడు. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, తట్టలు పక్కన పెట్టుకుని నిలబడతారు, మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, ఒక వేలుతో పొట్ట నొక్కి చూస్తారు, ఒక్కోసారి నోరు కూడా విప్పరు, తల ఊపితే పాట వాళ్ళకి పోయినట్టే. మేం చూస్తుండగానే మరో రెండు బోట్లు నిండుగా వచ్చాయి, కానాగంతల రేటు అక్కడికక్కడే జారిపోయింది. అంతకుముందే పాట పాడుకున్న ఆవిడ మొహం చూడాల్సింది. సప్లై, డిమాండ్ అని పుస్తకంలో గీసే ఆ రెండు గీతలు ఒకదాన్నొకటి ఎక్కడ కోస్తాయో దానికి ఇక నేను చెప్పక్కర్లేదు.

నేను ఫోన్ తీసి ఫొటో తీయబోతే ఒకావిడ, "ఏటి బాబూ, కొంటావా, ఊరికే బొమ్మలు తీసుకుంటావా?" అంది. కొన్నాం. కొన్నాకే మాట కలిపింది. పాట అందరికీ తెరిచి ఉన్నట్టు కనపడుతుంది గానీ చాలా సరుకు పాటదాకా రాదట. డీజిలుకి, ఐసుకి, వలలకి బోటు యజమాని ముందే ఏదో వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటాడు, రొయ్య దొరికితే అది ఆ వ్యాపారికే వెయ్యాలి, అతను చెప్పిన రేటుకే. అప్పు ఎక్కడుంటే బేరం అక్కడ ఉండదు. ఈ ముక్క పుస్తకంలో గీతల కింద ఎక్కడా రాయరు.

సముద్రం ఎవరిది అని మా పిల్ల అడిగింది అక్కడే. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు, మన ప్రాదేశిక జలాలు, అందులో చేపల వేట వ్యవహారం రాష్ట్రానిది. అది దాటాక 200 నాటికల్ మైళ్ళ దాకా చేపల మీద హక్కు దేశానిది, పెత్తనం కేంద్రానిది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి. ఆ రెండు నెలలు పొయ్యి వెలగాలి కాబట్టి రాష్ట్రం డబ్బు ఇస్తుంది, ఒకప్పుడు 10,000 ఉండేది, 2025లో 20,000 చేశారు. ఉచితాలు అని తిట్టేవాళ్ళు దీన్ని కూడా అదే గంపలో వేస్తారు. నా లెక్కలో ఇది ఉచితం కాదు, పని మానుకోమని ప్రభుత్వమే చెప్పినందుకు ఇచ్చే నష్టపరిహారం.

సంస్కృతి దగ్గరికొస్తే తొట్లకొండ, బావికొండ అనే పాత బౌద్ధ క్షేత్రాలు అందరూ చూపిస్తారు, మేమూ చూశాం. డెబ్బైల్లో నేవీవాళ్ళు స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తే తొట్లకొండ బయటపడింది, తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఇక్కడి భిక్షువులకీ రోము వర్తకులకీ మధ్య లావాదేవీ ఏదో నడిచిందన్నమాట. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి పైకప్పు లేదు, పూజారి మధ్యలో లేకుండా ఎవరి పసుపు కుంకుమ వాళ్ళే పెట్టుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో వెళ్తే ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది.

కానీ "ఎవరిది?" అనే ప్రశ్న అన్నిటికంటే గట్టిగా తగిలేది సింహాచలంలోనే. అప్పన్న గుడి గోడల మీద వందల శాసనాలున్నాయి. అన్నిటికంటే పాతది పదకొండో శతాబ్దం చివరిది, కులోత్తుంగ చోళుడి కాలం నాటిది. పదమూడో శతాబ్దంలో తూర్పు గాంగులు గుడిని పెద్దది చేశారు, 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కానుకలిచ్చి శాసనం వేయించుకున్నాడు. శాసనం అంటే భక్తి కవిత్వం అనుకుంటారు చాలామంది. చాలావరకు అవి దస్తావేజులు. ఎవరు ఇచ్చారు, ఏం ఇచ్చారు, ఏ దీపానికి, ఏ నైవేద్యానికి అన్న లెక్కలు. అలా రాజులు, జమీందార్లు ఇచ్చిన భూములు పోగయ్యి దేవస్థానం పెద్ద భూస్వామి అయింది. ఇప్పుడు అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి, ఈ ఐదూళ్ళలో వేల కుటుంబాలు దశాబ్దాలుగా ఇళ్ళు కట్టుకుని ఉంటున్నాయి, కానీ భూమి దేవస్థానానిదని రికార్డు. ఇదే పంచగ్రామాల సమస్య. ఇల్లు ఉంటుంది, కరెంటు మీటరు ఉంటుంది, ఓటు ఉంటుంది, రిజిస్ట్రేషన్ మాత్రం కాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే బ్యాంకు లోను రాదు, కూతురి పెళ్ళికి అమ్ముకోవడానికి లేదు. మా కొలీగ్ ఒకతను పైకప్పు కారుతుంటే బాగు చేయించుకోవడానికి కూడా భయపడి తార్పాలిన్ కప్పుకుని వానాకాలం గడిపాడు. ప్రతి ఎన్నికకీ హామీ వస్తుంది, మళ్ళీ కోర్టు దగ్గర ఆగుతుంది.

"అయితే ఆ భూమికి ఓనర్ ఎవరు మావయ్యా, పూజారులా, ప్రభుత్వమా?" అంది. వాళ్ళెవరూ కాదు, అప్పన్నే. మన చట్టంలో గుళ్ళో ప్రతిష్ఠించిన దేవుడు కూడా ఒక వ్యక్తే, ఆస్తి ఉండొచ్చు, కేసు వెయ్యొచ్చు. దేవుడి తరఫున ట్రస్టీలు, దేవాదాయ శాఖ వ్యవహారం చూస్తారు. ఈ సంగతి విన్నాక అది చాలాసేపు నవ్వింది. పంచగ్రామాల వాళ్ళకి మాత్రం ఇందులో నవ్వొచ్చేదేమీ లేదు.

అరకు, పాడేరు వైపు భూమి లెక్క పూర్తిగా వేరు. 2022 ఏప్రిల్‌లో ఆ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళిపోయాయి గానీ మనవాళ్ళు శని, ఆదివారాల్లో వెళ్ళేది అక్కడికే కాబట్టి ఇదీ చెప్పాలి. అది ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. పందొమ్మిదో శతాబ్దంలో అడవి చట్టాలు తెచ్చి పోడు మీద, అంటే కొండ మీద చెట్లు కొట్టి చేసే సాగు మీద ఆంక్షలు పెట్టారు, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి దాడి చేయడం వెనక ఆ కోపం ఉంది. స్వతంత్రం వచ్చాక కూడా మైదానం నుంచి వెళ్ళిన షావుకార్లు అప్పులిచ్చి భూములు రాయించుకుంటుంటే 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్ తెచ్చారు, అందరూ 'వన్ ఆఫ్ సెవంటీ' అనేది దీన్నే. గిరిజనులు కానివాళ్ళకి అక్కడ భూమి బదిలీ చెల్లదు. అనంతగిరి మండలంలో ప్రభుత్వమే ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు ఇస్తే సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఈ నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని, ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకి లీజుకి ఇవ్వడానికి లేదని 1997లో తీర్పు వచ్చింది.

అయినా నా వాట్సాప్‌కి వారం వారం "అరకు వ్యూ ప్లాట్లు, లిమిటెడ్ ఆఫర్" అని మెసేజ్ వస్తూనే ఉంటుంది, కింద కాఫీ తోట బొమ్మ, ఒక స్విమ్మింగ్ పూలు బొమ్మ. కొన్ని నిజంగానే షెడ్యూలు ప్రాంతం బయట, కొండ కింద ఉంటాయి, పేరుకే అరకు. మిగతావి గిరిజనుడి పేరు మీద బినామీగా నడిపేవి, రేపు తేడా వస్తే కోర్టులో నిలబడవు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ సర్వే నంబరు ఏ మండలంలో ఉందో, అది షెడ్యూలు ప్రాంతమో కాదో ఎమ్మార్వో ఆఫీసులో కనుక్కోండి. అమ్మేవాణ్ణి అడిగితే మాత్రం "అంతా క్లియర్ టైటిల్ సార్" అనే అంటాడు.